శనివారం ఎవరిది

దగ్గరికి జరిగి కూర్చోండమ్మా. గడప మీద వద్దు, లోపలికి రండి. చేతుల్లో ఫోన్లుంటే కాసేపు బోర్లా పెట్టండి. నేను చెప్పబోయేది రాజుల కథ కాదు, ఒక రేకుల షెడ్డు కథ. అయిదో తరగతితో నా చదువు ఆగిపోయింది గానీ, చిన్నప్పుడు చెవిన పడ్డ మాట ఒక్కటీ ఇంతవరకూ పోలేదు. ఎవరు ఏ మాట ఏ గొంతుతో అన్నారో, అప్పుడు పొయ్యి మీద ఏముందో కూడా చెప్పగలను.

మొన్న శనివారం ఏమైందంటే, మాదాపూర్‌లో నేను వంట చేసే ఆడపిల్లల హాస్టల్లో ఒక పిల్ల ఉప్మా పళ్ళెం ముందు కూర్చుని నాతో ఒట్టు పెట్టింది. కడప వైపు పిల్ల, సాఫ్ట్‌వేరు ఉద్యోగం. "ఆంటీ, ఈ వారం నుంచి శనివారం ఆఫీసు ఫోను ఎత్తను. ఆఫీసు మాటే మాట్లాడను. ఎవరేమన్నా అనుకోనీ" అంది. నా చేతిలో గరిట ఆగిపోయింది. ఆ మాట నేను చిన్నప్పుడు రోజూ విన్న మాట. ఉప్మా సగం కాకముందే ఆమె ఫోను మోగింది. రెండు నిమిషాలే అంటూ లాప్‌టాప్ తెచ్చి, పళ్ళెం పక్కకి జరిపింది. మధ్యాహ్నం అన్నం వడ్డించేటప్పటికి కూడా అక్కడే ఉంది. ఉప్మా గట్టిపడి పళ్ళేనికి అతుక్కుపోయింది.

ఇంటికొచ్చి కాళ్ళు చాపుకుంటే మా నాన్న గుర్తొచ్చాడు.

మేము యూదులం. ఈ మాట చెబితే ఇక్కడ సగం మంది అదేమిటంటారు, మిగతా సగం చర్చి వాళ్ళా అంటారు. మా తాత చిన్నప్పుడు చర్చికే వెళ్ళేవారట. గుంటూరు వైపు మా ఊళ్ళో కొన్ని ఇళ్ళ పెద్దలు ఒకనాడు, మనం ఇశ్రాయేలు సంతతి అని చెప్పి ఆదివారం వదిలి శనివారం పట్టుకున్నారు. ఊళ్ళోవాళ్ళకి మా పేటంతా శనివారం వాళ్ళే. శుక్రవారం పొద్దు గుంకిన దగ్గర నుంచి శనివారం చుక్కలు పొడిచేదాకా విశ్రాంతి దినం. పొయ్యి ముట్టించకూడదు, దీపం వెయ్యకూడదు. కొనకూడదు, అమ్మకూడదు, బేరం మాట నోట రాకూడదు. మా నాన్న ఇంకో మెట్టు పైకెక్కి, బేరం ఆలోచన మనసులోకి కూడా రాకూడదనేవాడు.

"మనసులోకి రాకుండా ఎట్లా ఆపుతారండీ?" అని అమ్మ అడిగేది.

"వస్తే రానీ. కూర్చోమనకూడదు" అనేవాడు.

ఊళ్ళో చెప్పులు కుట్టే పని తగ్గిపోయి మేము పట్నం అంచున కొత్తగూడ వచ్చేసరికి నాకు పదేళ్ళు ఉంటాయేమో, తమ్ముడు నాకన్నా చిన్నవాడు. అప్పటి కొత్తగూడలో ఈ ఫ్లైఓవరు లేదు, ఈ మేడలు లేవు. సన్నటి రోడ్డు, దానికి రెండు వైపులా ఎవరో పేర్చి మరిచిపోయినట్టు బండల మీద బండలు. వాటి సందుల్లో సీతాఫలం చెట్లు. మాదాపూర్ వైపు పెద్ద కట్టడాలు లేవడం అప్పుడే మొదలైంది. బండ పేల్చే ముందు ఒకడు ఎర్ర గుడ్డ ఊపుతూ ఈల ఊదేవాడు. ఈల వినపడగానే అమ్మ అన్నం కుండ మీద మూత పెట్టేది. పేలాక తెల్లటి పొడి ఇంట్లోకి మెల్లగా దిగేది. ఆ మందు వాసనలో మగ్గిన సీతాఫలం వాసన కలిసి ఉండేది. ఆ రెండూ ఎట్లా కలుస్తాయంటుంది మా కోడలు. కలిసేవి.

కట్టడాల దగ్గర ఇనప చువ్వలు వంచేవాళ్ళ చేతులు చూసి మా నాన్నకి ఒక ఆలోచన వచ్చింది. ఎండకి చువ్వ కాలితే చేతికి గుడ్డ పీలికలు చుట్టుకుని పని చేసేవాళ్ళు పాపం. వాళ్ళకి తోలు గ్లౌజులు కుట్టి ఇవ్వాలనుకున్నాడు. చేత్తో కుడితే ఎన్ని కుట్టగలడు? అప్పుడు దొరికాడు మిషన్ మామ.

ఆయన కొత్తగూడ మనిషి. బాలానగర్‌లో ఏదో ఫ్యాక్టరీలో పని చేసేవాడు. అది మూతపడితే రావాల్సిన జీతం బదులు దళసరి గుడ్డ కుట్టే మిషన్లు రెండు పట్టుకొచ్చి ఇంట్లో పెట్టుకున్నాడు. అందుకే మాకు మిషన్ మామ. రోడ్డు పక్కన ఆయనకి కొంచెం జాగా, దాంట్లో రేకుల షెడ్డు. నాన్న తోలు కోసే తీరు చూసి ఒకరోజు ఇరానీ చాయ్ తాగుతూ అన్నాడట: "నా కాడ మిషన్లున్నయ్, జాగా ఉంది. నీ కాడ చెయ్యి ఉంది. కలుద్దమా బావా?" ఇద్దరూ అక్కడే చేతులు కలిపారు. వచ్చింది సగం సగం. అంతకుమించి ఏమీ మాట్లాడుకోలేదు. వారం మధ్యలో కలుసుకున్నారేమో, శనివారం మాట ఎవరికీ తట్టలేదు.

మొదటి శనివారం నాన్న షెడ్డుకి వెళ్ళకపోయేసరికి మామ మా ఇంటికి పరుగెత్తుకొచ్చాడు.

"ఏంది బావా, జరమొచ్చిందా? దవాఖానకు పోదమా?"

నాన్న విషయమంతా చెప్పాడు. మామ గుమ్మంలో నిలబడి విని నవ్వేశాడు. "గంతేనా? నేనింక ఏమో అనుకున్న. నువ్వు శనివారం పండుకో, నేను ఆదివారం పండుకుంట. నీ ఆదివారం, నా శనివారం, పైసలన్నీ ఒక్క డబ్బాల్నే ఏద్దం. ఫికర్ జెయ్యకు."

ఎంత మంచి మాట అది. నాకు ఇప్పటికీ అందులో తప్పు కనపడదు.

షెడ్డు నడిచింది. తోలుకి, అతికించే సొల్యూషన్‌కి, మిషన్ నూనెకి కలిపి ఒక వాసన ఉంటుంది. నాన్న చొక్కాలో, మా దుప్పట్లలో, ఆఖరికి తమ్ముడి తలలో కూడా అదే వాసన. శుక్రవారం మధ్యాహ్నానికి మాత్రం ఆ వాసన పోయి ఇల్లంతా ఉలవచారు అయ్యేది. అమ్మ పొద్దున్నే కుండ ఎక్కించి, సాయంత్రం దాకా కాగనిచ్చి, పొద్దు గుంకకముందే దించి పాత బొంతలో చుట్టి మూలన పెట్టేది. శనివారం పొద్దున్న ఆ బొంత విప్పుతుంటే మేమిద్దరం మొహాలు దగ్గరగా పెట్టి ఆవిరి పీల్చేవాళ్ళం. పులిహోర, ఉలవచారు, గోంగూర పచ్చడి. మళ్ళీ చుక్కలు పొడిచేదాకా పొయ్యి మీదికి పిల్లి ఎక్కి పడుకునేది.

ఆటల్లో కూడా మాకు శనివారం శనివారమే. ఒకసారి మంచం కింద నేనూ తమ్ముడూ కొట్టు పెట్టుకున్నాం. సీతాఫలం గింజలు సరుకు, గులకరాళ్ళు డబ్బులు. నాన్న వంగి చూసి, "ఈ రోజు అమ్మడం ఆట కూడా వద్దు నాన్నా" అన్నాడు. తమ్ముడు ఆలోచించి, "అయితే అందరికీ ఊరికే ఇస్తాం. రేపొచ్చి డబ్బులిచ్చి పొమ్మంటాం" అన్నాడు. నాన్న మంచం మీద పడి నవ్వి, నవ్వాక, "అది అప్పు బేరం రా. అదీ వద్దు" అన్నాడు.

మిషన్ మామ భార్యని అత్తమ్మ అనేవాళ్ళం. శనివారం సాయంత్రం చీకటి పడుతుంటే వచ్చి మా ఇంట్లో బల్బు వేసేది. మా కోసం వేస్తే ఆ వెలుగు మేము వాడుకోకూడదని అమ్మ ముందే చెప్పింది. అందుకని అత్తమ్మ బల్బు కింద చేట ముందేసుకుని కూర్చుని, తన ఇంటి బియ్యంలో రాళ్ళు ఏరుకునేది. "నీ కోసం ఎయ్యలే వదినె, నాకే కనపడ్తలేదు" అనేది. ఆ బియ్యంలో రాళ్ళేమీ ఉండేవి కావు.

అట్లా సాగిపోతున్న రోజుల్లో ఒక శనివారం మధ్యాహ్నం సెంట్రింగ్ మేస్త్రీ ఒకాయన నేరుగా మా ఇంటికొచ్చాడు. శ్రీకాకుళం వైపు మనిషి.

"గ్లౌజులు కావాలండి, మా గ్యాంగు మొత్తానికి. కొత్త మేడ పని. మీరు బాగా కుడతారంట కదా" అన్నాడు.

నాన్న లేచి కుర్చీ వేశాడు. "కూర్చోండి. మంచినీళ్ళు తాగండి. ఎండ బాగా ఉంది."

"ఎండ సంగతి సరేనండి. ఎప్పటికిస్తారు?"

"మీ ఊళ్ళో వానలు పడ్డాయా?"

"పడ్డాయండి. జత ఎంతకిస్తారు?"

"పిల్లలెంతమంది మీకు?"

మేస్త్రీ గ్లాసు కింద పెట్టి అమ్మ వంక తిరిగాడు. "ఈయనకి చెవుడా అమ్మా?"

"చెవుడు కాదన్నయ్యా, శనివారం" అంది అమ్మ.

మేస్త్రీకి ఏమీ అర్థం కాలేదు. లేచి వెళ్ళిపోబోతుంటే మిషన్ మామ ఎదురొచ్చాడు. "మా బావ నోరు శనివారం కట్టేసుకుంటడు. నాతోని మాట్లాడు రా అన్నా" అంటూ భుజం మీద చెయ్యేసి షెడ్డుకి తీసుకుపోయాడు. అక్కడ పని కుదిరింది. మా షెడ్డుకి అంత పెద్ద పని అంతకుముందు ఎప్పుడూ రాలేదు.

చుక్కలు పొడిచాక మామ ఆ కబురు చెప్పి వెళ్ళాడు. నాన్న సంతోషపడ్డాడు. తరువాత చాలాసేపు గోడ వంక చూస్తూ కూర్చున్నాడు.

"పని కుదిరితే అట్లా ఉన్నారేం?" అంది అమ్మ.

"శనివారం కుదిరింది. దాంట్లో నా సగం నేనెట్లా తీసుకోను?"

"మీరు కుదర్చలేదు కదా?"

"నా బదులు ఆయన కుదిర్చాడు. నా బదులు చేస్తే నేను చేసినట్టే కదా."

అప్పటి నుంచి ఆ డబ్బాలో చెయ్యి పెట్టాలంటే నాన్నకి మనస్కరించేది కాదు. ఖర్చులకి అమ్మే తీసేది.

మేస్త్రీ పని నడుస్తుండగా కొచ్చి నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఆయనా యూదుడే, వాళ్ళు తరతరాల నాటి వాళ్ళు. మా ఊరి పెద్దలు చెప్పగా మమ్మల్ని చూసి పోదామని శుక్రవారం దిగాడు. సన్నటి మనిషి, తల మీద చిన్న టోపీ, వేళ్ళ నిండా వణుకు. ఆయన మా ఇంట్లో అరటిపళ్ళు మాత్రమే తిన్నాడు. అమ్మ రెండు రోజులు ముందే నానబెట్టి చేసిన ఉలవచారు ముట్టలేదు. మా దేవుడు ఆయన దేవుడే గానీ మా కుండ ఆయన కుండ కాదు. అమ్మ ఆ సంగతి తరువాత ఎన్నిసార్లు తలుచుకుందో.

నాన్నకి ఆయన్ని ఒక ప్రశ్న అడగాలని ఉంది. బేరానికి సంబంధించింది కాబట్టి శనివారం నోరు తెరవలేదు. పొద్దున్నుంచి ఆయన మంచం దగ్గరే తిరుగుతూ, విసనకర్ర విసురుతూ, నీళ్ళిస్తూ, ఆ ప్రశ్నని నోట్లోనే పెట్టుకుని ఉన్నాడు. సాయంత్రం అందరం బయట నిలబడి ఆకాశం చూస్తున్నాం. బండల పొడిలో చుక్కలు ఒక పట్టాన కనపడేవి కావు. "అదిగో చుక్క" అన్నాడు తమ్ముడు. "అది క్రేను మీద బల్బు రా" అన్నాడు నాన్న. చివరికి చుక్కలు కనపడ్డాయి. విశ్రాంతి దినాన్ని సాగనంపుతూ అమ్మ లవంగాలు తెచ్చి అందరికీ వాసన చూపించింది. లవంగాల గిన్నె తిరిగి అమ్మ చేతికి పోకముందే నాన్న అడిగేశాడు.

వాళ్ళిద్దరూ వచ్చీరాని హిందీలో మాట్లాడుకున్నారు. నాన్న ఎప్పటికప్పుడు అమ్మకి తెలుగులో చెప్పాడు, నేను అమ్మ కొంగు పట్టుకుని విన్నాను.

"చేతులు కలిపిన రోజే అనుకున్నారా, శనివారం వచ్చింది ఆయనది, ఆదివారం వచ్చింది నీది అని?" అని అడిగాడు పెద్దాయన.

"లేదండీ. తరువాత అనుకున్నాం. డబ్బా మాత్రం ఒకటే."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "మొదట్లోనే అని ఉంటే శనివారం ఆయన సొంతం. లాభమొచ్చినా నష్టమొచ్చినా ఆయనదే, నీకు పట్టదు. అనలేదు కాబట్టి షెడ్డు ఏడు రోజులూ ఇద్దరిదీ. శనివారం ఆయన కుట్టే కుట్టులో సగం చెయ్యి నీది."

నాన్న తన చేతులు చూసుకున్నాడు. "దారి లేదా?"

"ఉంది. పొత్తు విడిపోండి. ఎవరిది వాళ్ళు వెనక్కి తీసుకోండి. మళ్ళీ కలవండి. కలిసేటప్పుడు అన్నిటికన్నా ముందు శనివారం మాట అనుకోండి. తరువాత మిగతావి."

"ఇంతేనా" అని అమ్మ ఊపిరి పీల్చుకుంది.

"నిజంగా విడిపోవాలి. ఆటగా కాదు" అన్నాడు పెద్దాయన. మర్నాడు బస్సెక్కి వెళ్ళిపోయాడు.

ఆ చివరి మాట మా కొంప ముంచింది. ఇంకెవరైనా అయితే బావా ఇట్లా ఇట్లా సంగతి, పొద్దున్న విడిపోయి సాయంత్రం కలుద్దాం అని చెప్పి, నవ్వుకుంటూ పని కానిచ్చేవాళ్ళు. పెద్దాయన కూడా అదే అనుకుని ఉంటాడు. మా నాన్న అట్లా కాదు.

"కారణం చెప్పి విడిపోండి" అని అమ్మ బతిమాలింది.

"కారణం చెబితే మళ్ళీ కలుస్తామని చెప్పినట్టే. నోటితో విడిపోయి మనసులో కలిసి ఉంటే అది విడిపోవడం ఎట్లా అవుతుంది? ఆట అవుతుంది."

"ఆయన బాధపడతాడండీ."

"ఒక్క శనివారం. మధ్యలో ఒక్క శనివారం పొత్తు లేకుండా దాటాలి. ఆదివారం పొద్దున్నే వెళ్ళి అంతా చెబుతాను. నువ్వు కూడా వాళ్ళావిడతో ఏమీ అనకు."

అమ్మ చేత ఒట్టు వేయించుకున్నాడు. మేస్త్రీ పని పూర్తిచేసి ఇచ్చిన రోజు షెడ్డులో ఆ మాట అన్నాడు. అన్నం గిన్నె పట్టుకెళ్ళి నేనక్కడే ఉన్నాను.

"బావా, మనం విడిపోదాం."

మామ మిషన్ తొక్కడం ఆపాడు. "ఏందీ?"

"పొత్తు విడిపోదాం. నీ మిషన్లు, నీ జాగా నీవి. నా కత్తులు, తోలు నావి."

"నేనేమన్న తక్వ జేసిన్నా?"

"లేదు."

"హిసాబ్‌ల ఫరక్ వచ్చిందా?"

"లేదు బావా."

"ఆ మేస్త్రీ నిన్ను అలగ్ రమ్మన్నడా? పెద్ద పనులు ఒక్కనివే పట్టుకుంటవా? పట్టుకుంటే పట్టుకో, నేనొద్దన్న. మొకం జూసి జెప్పు."

"అది కాదు. అడగొద్దు."

మామ సూది కిందున్న తోలు బయటికి లాగాడు. తరువాత మెల్లగా అడిగాడు. "మల్ల వస్తవా?"

నాన్న పెదవులు బిగించుకున్నాడు. వస్తానని ఆయన గొంతు దాకా వచ్చిందని నాకు తెలుసు. నేను ఆయన గొంతునే చూస్తున్నాను. పైకి రానివ్వలేదు. కత్తులు, కోత బల్ల, మిగిలిన తోలు చుట్ట తీసుకుని ఇంటికి నడిచాడు. అన్నం గిన్నె మూత కూడా తీయలేదు.

ఆ వారం అత్తమ్మ నల్లా దగ్గర అమ్మని పట్టుకుంది. "వదినె, ఏమైందే? మా ఆయన బువ్వ తింటలేడు. షెడ్డుల కూసొని ఖాళీ జాగ జూస్తుండు. తిట్టుకున్నరా అంటే తిట్టుకోలేదంటడు."

"కోప్పడకు వదినా. శనివారం దాటనివ్వు" అంది అమ్మ.

"కోపం లేదు, సమజ్ అయితలేదు. గీ దానికి శనివారంతోని ఏం పని?"

అమ్మ బిందె నిండకముందే ఎత్తుకుని వచ్చేసింది. ఇంటికొచ్చి నాన్నతో రెండు రోజులు సరిగా మాట్లాడలేదు.

ఇక ఆ శనివారం. నా బతుకులో అంత మంచి శనివారం మళ్ళీ రాలేదు. నాన్న తెల్లారకముందే లేచి మంచం బయట వేసుకుని పడుకున్నాడు. మమ్మల్ని చెరోవైపు పడుకోబెట్టుకుని, సముద్రం రెండుగా చీలిన కథ చెప్పాడు, ఎన్నోసారో తెలియదు. ఉలవచారు రెండుసార్లు కలుపుకుని తిన్నాడు. అరచేతులు ఎత్తి ఎండలో అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ, "ఈ రోజు ప్రపంచంలో ఎక్కడా నా చెయ్యి పని చేయడం లేదు" అన్నాడు. అమ్మ కూడా అప్పటికి మెత్తబడింది. ఆ సాయంత్రం అత్తమ్మ బల్బు వేయడానికి రాలేదు. చీకట్లోనే కూర్చుని చుక్కల కోసం చూశాం. ఎవరికీ దిగులు లేదు, తెల్లారితే ఆదివారం.

ఆదివారం నాన్న గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, మైసూర్ పాకు పొట్లం కొని నన్ను వెంటబెట్టుకుని బయలుదేరాడు. దారి పొడుగునా అనవలసిన మాట అనుకుంటూనే ఉన్నాడు. శనివారం వచ్చింది నీది, ఎక్కువైనా తక్కువైనా నీదే. ఆదివారం వచ్చింది నాది. మిగతా రోజులు సగం సగం. ఒప్పుకుంటే కలుద్దాం.

షెడ్డు ముందు ఒక ట్రాలీ ఆటో ఆగి ఉంది. దాంట్లో మిషన్లు రెండూ తాళ్ళతో కట్టి ఉన్నాయి. ఇంకో లారీలోంచి సిమెంటు బస్తాలు షెడ్డులోకి మోస్తున్నారు. మామ బయట ఒక రాయి మీద కూర్చుని ఉన్నాడు.

అది చూసి కూడా నాన్న ఆగలేదు. దగ్గరికెళ్ళి అనుకున్న మాట మొత్తం అనేశాడు. "బావా, శనివారం వచ్చింది నీది..." అని మొదలుపెట్టి, ఒక్క ముక్క పోకుండా, పద్యం అప్పజెప్పినట్టు అప్పజెప్పాడు.

"ఇదేంది బావా" అన్నాడు మామ.

అప్పుడు నాన్న ఆ రాయి పక్కన నేల మీద కూర్చుని అంతా చెప్పాడు. పెద్దాయన, మొదటి మాట, సగం చెయ్యి, ఆట కాకూడదు, అన్నీ. మామ తలకాయ దించుకుని విన్నాడు.

"గింత ముచ్చట ముందుగాల జెప్పరాదా? నేనేమన్న కాదంటుంటినా?"

"చెబితే విడిపోయినట్టు కాదు బావా."

"నిన్న మాటిచ్చిన నేను" అన్నాడు మామ. "సిమెంటు గోదాముకు. బయానా పట్టిన. ఆ ఖాళీ జాగ జూసుకుంట కూసొనబుద్ధి గాలే నాకు. మిషన్లు బాలానగర్ల ఒకాయన తీసుకుంటుండు."

"నిన్ననా?"

"నిన్న పొద్దుగాల."

బస్తాలు మోసేవాళ్ళు మా మధ్యలోంచి దారి అడుక్కుంటూ వెళ్తున్నారు.

మామ లేచి నాన్న ఎదురుగా నిలబడ్డాడు. "బావా, నువ్వు అను. వాపస్ తీసుకొమ్మని ఒక్కసారి అను. బయానా ఆని మొకాన కొట్టొస్త. నా మాట పోతే పోయింది. అను జర."

నేను నాన్న చొక్కా పట్టుకుని లాగాను. మామ కళ్ళు నాన్న నోటి మీదే ఉన్నాయి. నాన్న నోరు తెరిచాడు. "మాట తప్పమని నేనెట్లా అంటాను బావా?"

"అనవు. నాకెర్కే" అన్నాడు మామ. ట్రాలీ ఆటో దగ్గరికి వెళ్ళి తాడు గట్టిగా ఉందో లేదో చూసి, డ్రైవరు పక్కన ఎక్కి కూర్చున్నాడు. మైసూర్ పాకు మేము ఇంటికి తెచ్చుకున్నాం. తమ్ముడు తిన్నాడు.

తరువాతి సంగతి ఎక్కువ లేదు. నాన్న ఇంట్లో కూర్చుని చేత్తో గ్లౌజులు కుట్టాడు. ఆయన రెండు జతలు కుట్టేలోపు బాలానగర్ నుంచి అట్టపెట్టెల నిండా మిషన్ గ్లౌజులు దిగేవి. మేస్త్రీ మళ్ళీ రాలేదు. తోలు అయిపోయాక, ఆ గ్లౌజులు వేసుకున్న చేతులే కట్టిన ఒక అద్దాల మేడకి గేటు దగ్గర సెక్యూరిటీ గార్డుగా చేరాడు. అక్కడ శనివారం సెలవు లోపలివాళ్ళకే. గేటుకి సెలవు లేదు.

చేరేముందు సూపర్‌వైజర్ని అడిగాడు. "శనివారం రావాల్సిందే అయితే వస్తాను. ఆ రోజు జీతం నాకివ్వొద్దండి" అన్నాడు. సూపర్‌వైజరు కుర్రాడు. నాన్నని కింది నుంచి పైదాకా చూసి, "ఏం కాకా, పొద్దుగాల్నే తాగినవా?" అన్నాడట. నాన్న ఆ మాట ఇంటికొచ్చి చెప్పి తనే నవ్వాడు. అమ్మ నవ్వలేదు.

శనివారం డబ్బు ముట్టుకోకూడదని జేబు ఖాళీగా వెళ్ళేవాడు. బస్సు ఎక్కలేడు, చాయ్ తాగలేడు. నడిచి వెళ్ళి నడిచి వచ్చేవాడు. "నేను కొనడం లేదు, అమ్మడం లేదు. నిలబడి ఉంటున్నాను, అంతే" అని మాకు చెప్పేవాడు. చెప్పేటప్పుడు మా మొహాలు చూసేవాడు కాదు. నీలం యూనిఫారంలో ఆయన గేటు తీస్తుంటే, సెలవు రోజు కూడా లోపలికి పోయే ప్రతి కారుకీ వంగి సలాం కొడుతుంటే, నేను రోడ్డు అవతల నిలబడి చూశాను ఒకసారి. శనివారం కుట్టే కుట్టులో తన సగం చెయ్యి ఉందని షెడ్డు వదిలిన మనిషి ఆయన. ఇప్పుడు రెండు చేతులూ పూర్తిగా అక్కడే ఉన్నాయి. ఆ తరువాత అమ్మ శుక్రవారం ఉలవచారు పెట్టడం మానేసింది. కూర్చుని తినే మనిషి లేనప్పుడు బొంతలో చుట్టి ఎవరి కోసం ఉంచాలి?

మిషన్ మామ జాగా అపార్టుమెంటుకి పోయింది. వాళ్ళు ఎటో ఊరవతలికి వెళ్ళిపోయారు. చాలా ఏళ్ళ తరువాత దవాఖానలో నాన్నా, మామా ఎదురుపడ్డారు. చేతులు పట్టుకున్నారు. ఎండలు ముదిరాయని ఒకరంటే, వానలు వెనకబడ్డాయని ఇంకొకరన్నారు. ఆ షెడ్డు మాట ఎవరూ ఎత్తలేదు. నర్సు పేరు పిలిస్తే మామ లేచి వెళ్ళాడు.

నాకు సంబంధం కుదిరినప్పుడు పెళ్ళివాళ్ళు వచ్చి ఇంకా కూర్చోలేదు, మంచినీళ్ళు ఇవ్వలేదు, నాన్న లేచి నిలబడి మొదటి మాటగా అన్నాడు. "మా అమ్మాయి శనివారం పొయ్యి ముట్టించదు, కొనదు, అమ్మదు. దీనికి ఒప్పుకుంటేనే మిగతా మాటలు." మా మామగారు మంచాయన. "అట్లాగే బావగారూ, ఆ ఒక్క రోజు మేమే వండుకుంటాం" అన్నాడు. అందరూ విన్నారు. ఎట్లా అనాలో అట్లా, ఎప్పుడనాలో అప్పుడే అన్నారు. ఆ రోజు నాన్న మొహం చూడాలి మీరు, ఎన్నో ఏళ్ళ తప్పు ఒకటి దిద్దుకున్నట్టు వెలిగిపోయింది.

మా అత్తింటివాళ్ళు మాట తప్పలేదు. నన్ను ఒక్క శనివారం కూడా పొయ్యి దగ్గరికి పొమ్మనలేదు. నా భర్త లారీ కింద పడి కాలు పోగొట్టుకున్నాక, పిల్లలు చిన్నవాళ్ళుగా ఉన్నప్పుడు, నేనే హాస్టల్లో వంటకి కుదిరాను. హాస్టల్ ఆవిడ మొదటి రోజే చెప్పింది, శనివారం పిల్లలందరూ ఉంటారు, ఆ రోజే పని ఎక్కువ, రాకపోతే కుదరదని. ఆమె కూడా ముందే చెప్పింది కదమ్మా. నేను సరేనన్నాను. నాన్న దగ్గరికి వెళ్ళి చెప్పాను. అప్పటికి మంచం మీదే ఉంటున్నాడు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

నాన్న పోయింది శనివారమే. నేను ఆ వేళప్పుడు నలభై మంది పిల్లలకి పూరీలు వేయిస్తున్నాను. కబురొస్తే పొయ్యి ఆర్పేసి పరుగెత్తాను. మా ఇంట్లో ఇప్పుడు శనివారం ఎవరిదీ కాదు. ఊళ్ళో వాళ్ళు కొందరు ఇంకా పాటిస్తున్నారంటారు. నా కొడుక్కి ఆ సంగతులు కథల్లాగా తెలుసు, అంతే.

పొద్దుపోయింది, ఇక లేవండి తల్లీ. విన్న చెవులు చల్లగుండాలి. మీ ఇళ్ళల్లో పొయ్యి మీరు వెలిగించుకున్నప్పుడే వెలగాలి, మీరు ఆర్పుకున్నప్పుడే ఆరాలి. మీ గుమ్మం తొక్కినవాళ్ళు పని మీద కాకుండా మీ మీద ఆపేక్షతో రావాలి. మీ మగవాళ్ళు, మీ పిల్లలు వారంలో ఒక్క పూటయినా చేతులు ఖాళీగా పెట్టుకుని మీ పక్కన కూర్చునే భాగ్యం ఆ దేవుడు మీకివ్వాలి. మాకివ్వనిది మీకన్నా ఇవ్వాలి.